నర్సింలు చూసిన డేగలు

1998 చివర్లో నేను గచ్చిబౌలి దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసేదాన్ని. మాదాపూర్ వైపు ఆఫీసు భవనాలు లేస్తున్న రోజులవి. కడుతున్న భవనాల మీంచి పడి నడుము విరిగినవాళ్లు మా దగ్గరకు తరచుగా వచ్చేవారు. వాళ్లను ఇంటికి పంపాక కూడా వెళ్లి వ్యాయామం చేయించడం నా ఉద్యోగంలో భాగం. అలా నాకు నర్సింలు పరిచయం.

నర్సింలు సెంట్రింగ్ మేస్త్రి. శ్లాబు పోసే ముందు కింద చెక్కలు, కర్రలు బిగించే పని. నల్గొండ జిల్లా నుంచి వచ్చాడు. పై అంతస్తు నుంచి పడి వెన్నెముక దెబ్బతింది. పారాప్లీజియా అంటాం మేము, అంటే నడుము కింద చచ్చుబడటం. నరం పూర్తిగా తెగలేదు కాబట్టి కాలిపర్లు, అంటే కాళ్లకు బిగించే ఇనుప పట్టీలు, వేసుకుని ఎప్పటికైనా నాలుగడుగులు వేస్తాడని మా ఆశ.

గోపన్‌పల్లి శివారులో ఒక కిరాయి గది. భార్య సత్తెమ్మ పొద్దున్నే కూలికి వెళ్లిపోయేది. నర్సింలు రోజంతా తలుపుకు ఎదురుగా మంచం మీద ఒక్కడే ఉండేవాడు. ఇలాంటి రోగికి కాళ్లు నడవకపోవడం కన్నా పెద్ద ప్రమాదం బెడ్‌సోర్. స్పర్శ ఉండదు కాబట్టి ఒకేచోట కూర్చుంటే కింద చర్మం ఒరిసి పుండవుతుంది. రెండు చేతులూ మంచానికి ఆనించి ఒళ్లు పైకెత్తుతూ ఉండాలి. దాన్నే లిఫ్ట్ అంటాం. ఎన్నిసార్లు చెప్పినా చేసేవాడు కాదు.

"ఎందుకు మేడం గీ తిప్పలు? దేవుడే ఇడిసిపెట్టిండు నన్ను. మీరేం జేస్తరు?" అనేవాడు.

సంక్రాంతి వెళ్లాక ఒకరోజు నేను గడప దగ్గరికి వచ్చేసరికి తనంతట తనే చేతుల మీద లేచి ఉన్నాడు. కళ్లు మాత్రం బయటే ఉన్నాయి.

"జర ఆగుండ్రి మేడం. గూట్ల దిగుతుంది."

వెనక్కి తిరిగి చూశాను. ఎదురుగా ఉన్న బండరాళ్ల గుట్ట అంచున ఒక పెద్ద డేగ వాలింది. కాళ్లలో ఎండుపుల్ల ఉంది. ఊళ్లో తిరిగే గద్దల కన్నా చాలా పెద్దది, పొట్ట తెల్లగా ఉంది. కాసేపటికి దాని జోడు కూడా వచ్చింది. నర్సింలు మంచం మీదికి దిగి చేతులు కళ్లకద్దుకున్నాడు.

"పొద్దుగాల అది ఎగరదు మేడం. రాయి మీద కూసుంటది. ఎండెక్కినంక గాలి లేస్తది సూడుండ్రి, అప్పుడు రెక్కలిప్పుతది. ఇగ కొట్టుకునుడు లేదు, గాలే మోస్కపోతది. నన్ను గూడ గట్లనే కూసోమంటుండు స్వామి. నా గాలి ఇంకా లేవలే, గంతే."

ఆయన ఇలవేల్పు నరసింహస్వామి. ఆ స్వామి వాహనమే తన కోసం ఎదురు గుట్ట మీదికి వచ్చిందని ఆయన నమ్మకం. నేను పెద్ద భక్తురాలిని కాను, కానీ ఆ నమ్మకం చేసిన పని నా కళ్లతో చూశాను. డేగ గూటికి వచ్చినప్పుడల్లా ఒక లిఫ్ట్ చేయాలని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. గూట్లో పిల్ల పుట్టాక తల్లీతండ్రీ మాటిమాటికీ వచ్చేవి, ఈయన మాటిమాటికీ లేచేవాడు. భుజాలు గట్టిపడ్డాయి. కుడి తొడలో కండరం కదలడం మొదలైంది. ఎండలు ముదిరేసరికి కాలిపర్లు వేసుకుని, ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. సత్తెమ్మ ఆ రోజు పని మానేసి మరీ చూసి, ఏడ్చింది.

ఆ వారంలోనే గుట్ట మీద ఎర్రజెండాలు పాతారు. కొత్త రోడ్డు కోసం పేల్చేస్తారట. నేనూ సత్తెమ్మా వెళ్లి సైట్ సూపర్‌వైజరును కలిశాం. మా గుంటూరు వైపు మనిషే.

"గూట్లో పిల్ల ఉందండి. ఎగిరేదాకా ఆగలేరా?" అన్నాను.

"నాకూ పాపమనే ఉందమ్మా. పక్షి కోసం పని ఆపమని పైవాళ్లకు నేనెలా చెప్పనండి?" అన్నాడు.

అయినా పేల్చే రోజు కూలీల చేత డబ్బాలు కొట్టించాడు, ఆ చప్పుడుకైనా పిల్ల ఎగురుతుందేమోనని. అది గూటి అంచు దాకా వచ్చి, మళ్లీ లోపలికి ముడుచుకుంది.

పేలుడు తర్వాత పెద్ద డేగలు కొన్ని రోజులు ఆ దుమ్ము మీదే తిరిగాయి. తర్వాత కనబడలేదు. నేను వెళ్లినప్పుడు నర్సింలు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"మళ్లీ మొదలుపెడదామండి. మొన్న నిలబడ్డారు కదా," అన్నాను.

 ఇటు తిరగకుండానే అన్నాడు: "నేను పనిజేసిన బిల్డింగులకు గూడ గిట్లనే గుట్టలు పగలగొట్టిండ్రు మేడం. గప్పుడు గూళ్లున్నయా లేవా అని నేనెన్నడన్న సూసిన్నా?"

ఆ తర్వాత నేను ఒళ్లు లేపిస్తే లేచేవాడు, నేను వెళ్లగానే మానేసేవాడు. ఆ వేసవిలోనే గది ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయారు. అక్కడి ఆసుపత్రికి చూపించుకోమని మా డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

వానాకాలం చివర్లో సత్తెమ్మ కాలిపర్లు తిరిగివ్వడానికి వచ్చింది. నడుము కింద పుండయిందట, జ్వరం తగిలిందట. దవాఖానకు తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది.

"లేవయ్యా అని మొత్తుకున్న మేడం. లేవకపోయె. ఇంకెవలకన్న అక్కెరకొస్తయని ఇవి దెచ్చిన," అని కాలిపర్లు బల్ల మీద పెట్టింది.

ఇప్పుడు నేను కొత్త రోగి ఇంటికి వెళితే, కండరాల బలం చూడకముందే ఆ మనిషికి దేన్ని చూస్తే ధైర్యం వస్తుందో అడుగుతాను. ఒకరు దేవుడి పటం చూపిస్తారు, ఒకరు మనవరాలిని. అది విన్నాక, ఒకవేళ అది దూరమైతే ఈ మనిషిని ఎలా లేపాలో ఇంట్లోవాళ్లతో కూర్చుని ముందే మాట్లాడుకుంటాం. ఈ జాగ్రత్త మా చదువులో ఎవరూ చెప్పలేదు. నర్సింలు వల్ల తెలిసింది. తెలిసేనాటికి ఆయన లేడు.