బాపమ్మ ఒప్పుకోని జవాబు

నమ్మని మాటను నమ్మినట్టు నలుగురి ముందు ఎన్నిసార్లు అప్పజెప్పారు మీరు?

నా చిన్నప్పుడు, అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజుల్లో, రుద్రంగి దగ్గరి మా పల్లెలో క్రైస్తవ కూలీ కుటుంబాలకు ఒక పద్ధతి ఉండేది. యేసు చివరి భోజనాన్ని తలచుకునే ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకోవాలంటే ఏడాదికోసారి పాస్టరయ్య అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. చదువురాని పెద్దవాళ్ల చేత వాటిని బట్టీ పట్టించేది బడికి పోయే పిల్లలమే. దేవుడు సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు, మార్పు లేనివాడు, బాధ అంటనివాడు. కలుపు తీసి అలసి వచ్చిన మా బాపమ్మకు, అంటే నాయన తల్లికి, నెల రోజులు నేనే నేర్పాను.

ఆ నెలలోనే మా చిన్నాయన కోరుట్లలో ఊరేగింపుకు పోయి, లాఠీ దెబ్బలకు మోకాలు పగిలి మంచాన పడ్డాడు. బాపమ్మ కొడుకు కాలికి కాపడం పెడుతూనే జవాబులు వల్లె వేసేది.

ఆదివారం చర్చి నిండా జనం. మూడు జవాబులు బాపమ్మ గడగడా చెప్పింది. నాలుగో ప్రశ్నగా పాస్టరయ్య, "దేవునికి బాధ కలుగునా?" అని అడిగాడు. ఆమె తలెత్తి గోడ మీది సిలువను చూసింది. మరిచిపోయిందేమోనని వెనక నుంచి, "కలుగదు అను బాపమ్మా," అని గుసగుసలాడాను.

"యాదికున్నది బిడ్డా. గానీ గా మాట నేననను," అంది అందరికీ వినబడేలా. "నా కొడుకు మూలుగుతుంటే నాకు బువ్వ పోతలేదయ్యా. గా దేవునికేమో ఏ నొప్పీ తాకదంటరు. మరి సిలువ మీద నొప్పికి ఒర్రింది ఎవరు?"

"దేవుణ్ని నీతోటి పోలుస్తవా ముసల్దానా? నేర్పిన జవాబు చెప్పు, రొట్టె తీస్కో."

"మీరే ఉంచుకోండ్రి. మా ఇంట్ల జొన్నరొట్టె ఉన్నది."

ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమెకు ఆ బల్ల దగ్గర చోటు దొరకలేదు. అయినా ప్రతి ఆదివారం ముందు వరుసలోనే కూర్చునేది.

ఈనాడు దేవుడూ బాధపడతాడని క్రైస్తవ వేదాంతులు లావుపాటి పుస్తకాలు రాస్తున్నారు. చదివాను. బాధపడి కూడా ఆపలేని దేవుడు, ఆపగలిగీ ఆపని దేవుడు, ఇద్దరూ నాకు అక్కర్లేదు. బాపమ్మ మాత్రం చివరిదాకా నమ్మింది. అయినా నాకు తర్కం నేర్పింది ఆమే. తెలిసిన జవాబును తెలిసే కాదన్న ఆ గొంతు ఇప్పటికీ నా వెన్నును నిలబెడుతోంది.

మీ ఒంటి మీది దెబ్బను లేదనే జవాబు ఎవరు నేర్పినా సరే, కాదనండి. ఇంటికెళ్లి గొణుక్కోవడం కాదు. అడిగినవాడి ముఖం మీదే, అందరూ వినేలా, ఇవాళే కాదనండి.