సరుగుడు వరుసల నడుమ మా మేనత్త

మేనత్త పోయిందని మొన్న మధ్యాహ్నం తపాలాఫీసు నుంచి తార్ వచ్చింది. ఆమె తోడబుట్టిన మా బాపు ఆ కాగితం పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. "ఆ సముద్రం కాడనే పోయింది సూడు. ఎన్నడు నచ్చని ఊర్లె" అన్నాడు.

మామ బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. దగ్గు ముదిరితే సముద్రపు గాలి తగలాలన్నాడు డాక్టరు. ఆంధ్ర, తెలంగాణ ఇంకా కలవని రోజులవి. అత్త ఆయనను వెంటబెట్టుకుని కోస్తాలో ఒక చిన్న పట్నానికి వెళ్లింది. ఇసుక మేట వేయకుండా నాటిన సరుగుడు అడవి మధ్య ఉండేది ఆ ఊరు. ఎండాకాలం డబ్బున్నోళ్లు విడిదికి వచ్చే బంగళాలు. మిగతా నెలలంతా గాలి హోరు. మామకు దగ్గు తగ్గింది. ఒక బంగళాకు కావలికి కుదిరాడు.

సెలవుల్లో వెళ్లినప్పుడు చూశాను, అత్తకు కుదురే లేదు. అన్నం వార్చి బయటికి, బట్టలు ఆరేసి బయటికి.

"ఇదేం అడివి బిడ్డా! గీత గీసి నిలవెట్టినట్టున్నయి చెట్లు. మనకాడ తప్పిపోతే వాగో గుట్టో తొవ్వ జూపుతది. ఈడ ఎటు జూసినా ఒక్కతీరే" అనేది.

ఒక సాయంత్రం మామ ఇంటికి రాలేదు. అత్త పిలుస్తూ ఆ వరుసల్లో పరుగెత్తింది, వెనక నేను. చెట్లు దాటేసరికి ఒడ్డున జాలర్లతో కలిసి వల లాగుతూ కనిపించాడు మామ. నవ్వుతున్నాడు. దగ్గడం లేదు.

"మనూరికి పోదాం పా" అంది అత్త, రొప్పుతూనే.

"పోతే మల్ల బాయిల దిగుడే. నేను దిగ."

అత్త కొంగు నడుముకు చుట్టి, "జర జరుగు" అని తాడు పట్టుకుంది. ఆనాటి నుంచి ఊరి మాట ఎత్తలేదు. కాలు మాత్రం నిలిచింది లేదు. మామకు దక్కిన అన్నేళ్ల ఊపిరి నచ్చని ఊళ్లో ఆమె భరించిన ఆ అశాంతిలోంచే వచ్చిందని నాకిప్పుడు అనిపిస్తోంది.

నిరుడు మామ పోతే ఆమెను బెల్లంపల్లికి తెచ్చుకున్నాం. ఇక్కడా అంతే. వంట మధ్యలో లేచి వాకిట్లో చెవి రిక్కించి నిలబడేది. "గాలి బందైందా ఏంది?" అనేది. "మనిషికి రెండూళ్లు ఉండొద్దు బిడ్డా. ఒకదాంట్ల ఉంటే ఇంకోటి పిలుస్తనే ఉంటది."

మామ సంవత్సరీకం అక్కడే చేస్తానని పట్టుబట్టింది. నేనే రైలెక్కించాను. "కూసో అత్తా" అన్నా వినలేదు. బండి కదిలింది. అది ముందుకు పోతుంటే ఆమె పెట్టెలో వెనకవైపుకు నడుస్తూ, ఈ కిటికీలోంచి ఒకసారి, ఆ పక్క కిటికీలోంచి ఒకసారి ప్లాట్‌ఫారం మీదున్న నన్ను చూస్తూ, కాసేపు నా ఎదుటే ఆగినట్టు కనిపించింది.