కుడిచేతిని కట్టేసిన మూడు నెలలు

శ్రీదుర్గ మెడలోని గొలుసు తెంచుకుపోదామనుకున్నవాడికి ఆ రోజు మూడు పళ్ళు పోయాయి, గొలుసు మాత్రం దక్కలేదు.

తాడేపల్లి దగ్గర కాలువ గట్టు మీద జరిగిందది. నేతచీరల మూటను మోపెడ్ మీద వేసుకుని మంగళగిరి నుంచి విజయవాడ కొట్లకు ఇచ్చిరావడం ఆమెకు వారానికి రెండుసార్లుండే పని. వెనకనుంచి ఇద్దరు బండి మీద వచ్చారు. వెనక కూర్చున్నవాడు గొలుసు మీద చెయ్యి వేశాడు. మామూలుగా ఎవరైనా గొలుసు పట్టుకుంటారు. ఈమె వాడి చొక్కా పట్టుకుంది. ఇరవై గజాల దూరం రెండు బళ్ళూ అలాగే పోయాయి, ఈమె బండి గట్టు వాలులోకి ఒరిగి, రాళ్ళ మీద ఎగురుతూ, పడకుండా. చివరికి వాడే ఊడి కింద పడ్డాడు. బండి నడిపేవాడు వెనక్కి చూడకుండా పారిపోయాడు. ఆమె మోపెడ్‌కు స్టాండు వేసి, మూట సరిచూసుకుని, అప్పుడు వచ్చి పడ్డవాడి గుండెల మీద కూర్చుంది. నలుగురు కలిసి లాగితే గాని లేవలేదు.

ఆ కొట్టుడు గట్టు మీదివాళ్ళంతా చూశారు. గాలం వేసుకుని కూర్చున్న ఆమోసు మాత్రం అంతకుముందు గడిచిన ఇరవై గజాలు చూశాడు.

"అమ్మాయ్, నీ బరువెంత?"

"ఎవరండీ మీరు? నా బరువుతో మీకేం పని?" ఆమె పిడికిలి మీద నెత్తురు చీరకొంగుకు తుడుచుకుంటోంది.

"యాభై రెండుంటావు. మూట ఇంకో ముప్ఫై. ఒంటిచేత్తో గట్టు వాలులో పడకుండా నడిపావు. పదిహేడేళ్ళు సైన్యంలో బళ్ళ మీద విన్యాసాలు చేశాను నేను. ఆ వాలులో నేనైతే పడేవాణ్ణి."

"పొగుడుతున్నారా, పోలీసులకి పట్టిస్తారా?"

"నేర్పుతానంటున్నాను."

ఆమోసుకు అరవై దాటాయి. సైన్యం నుంచి వచ్చాక విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకున్నాడు. పొద్దంతా లారీల గేరుబాక్సులు విప్పుతాడు. ఆదివారం చర్చి అయ్యాక మాత్రం తను కట్టుకున్న బండి ఒకటి బయటికి తీస్తాడు. చర్చి కాకముందు ఆ ఇంజనుకు కిక్కు కొట్టడు, వర్షం వచ్చేలా ఉన్నా సరే. పాత టూస్ట్రోక్ ఇంజను, కోసి మళ్ళీ అతికించిన చట్రం. సీటు లేదు. కూర్చునే పని లేదు కాబట్టి లేదు. ట్రయల్స్ అనే ఆ ఆటలో వేగంతో నిమిత్తం లేదు. కొండరాళ్ళ మీదుగా, బండి మీద నిలబడి, కాలు కింద మోపకుండా గుర్తుపెట్టిన దారి దాటాలి. కాలు ఒకసారి మోపితే ఒక తప్పు. పడితే అయిదు తప్పులు. అంతే.

శ్రీదుర్గకు అప్పటికి ఇరవై తొమ్మిది. తెనాలిలో పెళ్ళయి పదకొండు నెలలు కాపురం చేసి వచ్చేసింది. ఎందుకొచ్చేశావని అడిగితే "కొట్టాడు, కొట్టాను, వాడికి కుట్లు పడ్డాయి" అనేది. తండ్రి వీరభద్రయ్యతో కలిసి గుంటమగ్గం మీద నేసేది. మంచి నేతగత్తె. కోపం ఆమెకు జ్వరంలాగా వచ్చేది. బస్సులో తగిలినవాడికీ, నూలు తక్కువ తూచినవాడికీ చెంప పగిలేది. ఇంటికొచ్చాక కూడా పిడికిళ్ళు విడేవి కావు, ఇంకా ఎవరో మిగిలిపోయారన్నట్టు.

మొదటి ఆదివారం ఆ సీటు లేని బండి ఎక్కి, ఇంజను ఆపేసి, కదలకుండా నిలబడమన్నాడు ఆమోసు. పదకొండుసార్లు పడింది. పన్నెండోసారి నాలుగు నిమిషాలు నిలబడింది. ఆ నాలుగు నిమిషాలూ తనకు ఎవరి మీదా చెయ్యెత్తాలనిపించలేదని ఇంటికి వెళ్ళేటప్పుడు గమనించింది. ఆటలో ఆమెకు కావలసింది అదొక్కటే.

అయితే బండి ఒకటే. దాని మీద అప్పటికే రెండేళ్ళుగా నేర్చుకుంటున్నవాడు స్టీఫెన్. ఆటోనగర్‌లో వెల్డర్, ఇరవై నాలుగేళ్ళవాడు, తండ్రి రైసుమిల్లులో హమాలీ. డిసెంబరులో పుణె దగ్గర జరిగే పోటీకి ఒకరే వెళ్ళగలరు. అక్టోబరులో పరీక్ష పెడతాననీ, తప్పులు తక్కువ వచ్చినవాళ్ళకు బండి ఇచ్చేస్తాననీ, రెండోవాళ్ళు వేరే దారి చూసుకోవాలనీ ఆమోసు చెప్పేశాడు. సమానమైతే స్టీఫెన్‌దే బండి, ముందునుంచీ ఉన్నవాడు కాబట్టి.

శిక్షణ అంటే దెబ్బలే. తెల్లవారుజామున వరిచేలో, మోకాటి లోతు రేగడి బురదలో, భుజాన ఇసుకబస్తాతో సగం వంగి నిలబడాలి. తొడలు మండి, కళ్ళు చీకట్లు కమ్మి, బురదలో మొహం పెట్టి పడేదాకా. తరవాత తడిపిన గోనెసంచులు నీళ్ళు కారకుండా పిండాలి, మోచేతుల కింది కండ రాయిలా బిగిసి వేళ్ళు విడవనని మొరాయించేదాకా. ఆపైన కదలని బండి మీద నిలబడితే ఆమోసు గుడ్డమూటలో ఇసుక కట్టి నడుముల మీద, భుజాల మీద బాదేవాడు. తూలితే తిట్టేవాడు. పడితే మళ్ళీ బాదేవాడు.

"మేస్త్రి గారూ, ఇది నేర్పడమా, పగ తీర్చుకోవడమా?" అన్నాడు స్టీఫెన్ ఒకసారి, పెదవి చిట్లి.

"రాళ్ళు నాకంటే గట్టిగా కొడతాయిరా. నేను కాస్త అలవాటు చేస్తున్నా."

శ్రీదుర్గ ఒళ్ళు ఇవన్నీ తట్టుకుంది. తట్టుకోనిది కుడిచెయ్యి ఒక్కటే. అలిసిపోనంతసేపూ చెప్పినమాట వినేది. అలిశాక, కుడికాలు బ్రేకు తొక్కిన మరుక్షణం ఆ చెయ్యి యాక్సిలరేటరును ఒక్క గుంజు గుంజేది. బండి ముందుచక్రం లేపుకుని పిచ్చిగుర్రంలా ఎగిరేది. ఆమె వీపు రాళ్ళకు కొట్టుకునేది. పొగరు అనుకున్నాడు ఆమోసు. ఇసుకమూటతో మణికట్టు మీదే కొట్టాడు. అది నల్లగా వాచింది. గుంజుడు మానలేదు. ఎంత కొడితే అంత అలుపు, ఎంత అలిస్తే అంత గుంజుడు.

జూన్‌లో, కొండపల్లి అవతల ఎప్పుడో వదిలేసిన క్వారీలో, మనిషెత్తు బండరాయి ఎక్కిస్తున్నాడు. పైన నిలబడి బండిని అందుకునేవాడు ఒకడుండాలి. ఆమోసే నిలబడ్డాడు. సగంలో బండి ఆగింది, ఆమె బ్రేకు తొక్కింది, చెయ్యి గుంజింది. డెబ్బై కిలోల ఇనుము ఇంజను అరుస్తూ గాలిలోకి లేచి ముసలాయన రొమ్ము మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు కింద ఉన్న స్టీఫెన్‌కు కూడా వినబడింది. శ్రీదుర్గ పక్కరాళ్ళ మీద జారి చెంప చీరుకుపోయింది.

"చంపేశావే అక్కా," అన్నాడు స్టీఫెన్, పైకి పాక్కుంటూ వస్తూ. "ముసలాణ్ణి చంపేశావ్."

చావలేదు. భుజం దగ్గర ఎముక రెండుచోట్ల విరిగింది, అంతే. పది రోజుల తరవాత చెయ్యి మెడకు వేలాడదీసుకుని మంగళగిరి బస్సు దిగాడు. కూతుర్ని ఇక పంపొద్దని తండ్రితో చెప్పడానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి నోరు తెరిచేసరికి లోపల శ్రీదుర్గ నేస్తోంది.

రైళ్ళూ లారీలూ సరుకు ఎత్తుకుపోకముందు కృష్ణా కాలువల మీద పడవలను గట్టున నడుస్తూ తాళ్ళతో లాగే మనుషులుండేవారు. ఆ పని పోయిన ఎన్నో ఏళ్ళకు కూడా వాళ్ళు ఖాళీ చేతులతో బజారుకు వెళుతుంటే ఒక భుజం ముందుకు వంగే ఉండేదని ముసలివాళ్ళు చెప్పేవారు, లేని పడవను లాగుతున్నట్టు. కమ్మరివాడి నడకలో సుత్తి ఉంటుంది. పడవవాడి నిద్రలో తెడ్డు ఉంటుంది. మనిషి పని మానినా పని మనిషిని వదలదు.

గుంటలో శ్రీదుర్గ కాలు పలకను తొక్కింది. పడుగు విడింది. తొక్కిన మరుక్షణం కుడిచెయ్యి, పేకపోగు మోసే నాడెను విసిరే తాడును గుంజింది. నాడె ఇటునుంచి అటు పోయింది. ఎడమచెయ్యి చట్రాన్ని లాగి పేకను కొట్టింది. మళ్ళీ తొక్కుడు, మళ్ళీ గుంజుడు. పన్నెండో ఏటి నుంచి, రోజుకు ఎన్ని వేలసార్లో.

ఆమోసు చెప్పదలుచుకున్నది మరచిపోయి గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"ఇదా," అన్నాడు. "అనవసరంగా కొట్టానే పిల్లని."

వీరభద్రయ్య విషయమంతా విన్నాడు. ఈ బండి సంగతి ఆయనకు మొదటినుంచీ ఇష్టం లేదు. కూతురి చెంప మీది కుట్లు చూశాడు, ముసలాయన కట్టు చూశాడు.

"గుంజడం మానిపించలేరండీ ఆమోసు గారూ. మగ్గం మీద గుంజకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ ఎడంచేతి కింద ఏముంటుందండీ మీ బండికి?"

"క్లచ్చండి."

"అది గుంజితే ఏమవుద్ది?"

ఆమోసు లేవబోయి, భుజం నొప్పికి మళ్ళీ కూలబడ్డాడు. "ఏమీ కాదండి. ఇంజనుకూ చక్రానికీ పొత్తు తెగుద్ది. బండి ఎగరదు. అంతే."

"అయితే గుంజుడు ఆ చేతికి మారుద్దాం."

ఆ సాయంత్రమే ఆయన ఒక పాతచీర పేలికతో కూతురి కుడిచేతిని పేక కొట్టే చట్రానికి కట్టేశాడు. ఇక తాడు గుంజాల్సింది ఎడమచెయ్యే. పదిహేడేళ్ళ అలవాటు ఊరికే తలవంచుతుందా? పలక తొక్కినప్పుడల్లా కట్టేసిన కుడిచెయ్యి ఎగిరిపడేది, పేలిక మణికట్టును కోసేది, వాపు మీద వాపు. ఎడమచెయ్యి గుంజితే నాడె సగంలో ఆగేది, పడుగుపోగులు పుటుక్కుమనేవి. నాలుగో రోజు కోపంతో గట్టిగా గుంజింది. ఇనపమొన ఉన్న నాడె మగ్గం దాటి ఎగిరి, ఎదురుగా కండెలు చుడుతున్న తండ్రి కనుబొమ్మ చీల్చింది. నెత్తురు కళ్ళలోకి కారింది.

"నాన్నా."

"నాకేం కాలేదు. పోగుల మీద నెత్తురు పడుద్ది, చీర పక్కకి జరుపు."

ఆమె పేలిక పళ్ళతో విప్పుకుని, మగ్గాన్ని కాలితో తన్నింది. గోడకు తల కొట్టుకుంది. వీరభద్రయ్య కనుబొమ్మకు పసుపు అద్దుకుని వచ్చి మళ్ళీ కట్టేశాడు. మొదటి రెండు చీరల అంచులూ వంకర పోయాయి. మూడోదానికి కాస్త నయం. ఆగస్టులో ఒక రోజు ఆయన పేలిక కట్టడం మరచిపోయాడు. ఆమె సగం చీర నేసేదాకా ఇద్దరికీ తెలియలేదు.

అక్టోబరు పరీక్షకు క్వారీలో నాలుగు దారులు గుర్తుపెట్టాడు ఆమోసు. పైన అందుకోవడానికి ఆయన భుజం పనికిరాదు. ఎవరూ ఉండరు, పడితే పడతారు అన్నాడు. స్టీఫెన్ ముందు వెళ్ళాడు. కండబలంతో ఈడ్చుకుపోయాడు. రెండో దారిలో బండి కింద నలిగి మోకాలు పగిలింది, అయినా లేచాడు. మొత్తం ఏడు తప్పులు.

శ్రీదుర్గకు మూడు దారులయ్యేసరికి ఆరు. చివరిది ఆ మనిషెత్తు బండరాయి. కాలు ఒక్కసారి మోపితే సమానం, బండి పోతుంది.

"చేతులు మొద్దుబారాయా అక్కా?" కింద కుంటుతూ అరిచాడు స్టీఫెన్. "మేస్త్రి గారూ, మీరు పక్కకి జరగండి, ఇంకో ఎముక పోద్ది."

ఆమె బండిని రాతికి ఎదురుగా తిప్పింది. తొడలు అదురుతున్నాయి. మోచేతుల కింద కండ రాయి అయిపోయింది. నోట్లో మట్టీ నెత్తురూ. బండి రాతి మీదికి లేచింది, సగంలో ఉన్న అంచు దగ్గర ముందుచక్రం జారి ఆగిపోయింది. కుడికాలు బ్రేకు తొక్కింది.

గుంజుడు వచ్చింది. ఎడమచేతికి వచ్చింది.

క్లచ్ పట్టుకున్న బండి ఊరికే అరిచింది, కదల్లేదు. రాతి అంచు మీద ఆడదీ బండీ వేలాడినట్టు నిలబడిపోయారు. దూరంగా థర్మల్ కేంద్రం గొట్టాల పొగ మాత్రం కదులుతోంది. ఎడమపాదం కిందికి దిగాలని మెలితిరిగింది. పెదవి కొరికింది. వేళ్ళు ఒక్కొక్కటిగా, చిక్కుపడిన పోగును విప్పినట్టు, క్లచ్ మీంచి వదిలింది. చక్రం రాతిని పట్టింది. పైకి వెళ్ళిపోయింది.

దిగి హెల్మెట్ ఇంకా తియ్యలేదు. స్టీఫెన్ వచ్చి బండిని తన్నాడు.

"గుంటలో కూర్చుని గుడ్డలు నేసుకునేదానివి, నీకెందుకే ఇది. రెండేళ్ళు నా వీపు చీల్చుకున్నాను దీనికోసం."

ఆమె హెల్మెట్‌తోనే వాడి మొహం మీద గుద్దింది. వాడు కడుపులో పొడిచాడు. ఇద్దరూ కంకర మీద దొర్లారు. ఆమోసు రాతి మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ వంచుకున్నాడు.

"ఎముకలు చూసుకోండి," అన్నాడు. "ముక్కులూ పెదాలూ మీ ఇష్టం."

నాలుగు దెబ్బలయ్యాక స్టీఫెన్ రెండు చేతులూ అడ్డం పెట్టి ఆగిపోయాడు. "ఎడంచేత్తో కొడుతున్నావేంటక్కా నువ్వు?"

ఆమె తన పిడికిలి వంక చూసుకుంది. ఊపిరి అందక, నవ్వాలో కొట్టాలో తెలియక, వాడి పక్కనే కూలబడింది. ముక్కులోంచి నెత్తురు వాడి చొక్కా మీద కారుతోంది. వాడు తుడుచుకోలేదు. ఏడుస్తున్నాడు, దెబ్బలకు కాదు.

మోకాలు పట్టుకుని లేచి కూర్చుంటూ అన్నాడు. "పుణెలో పైన నిలబడి ఎవరు అందుకుంటారు? ముసలాయనకి చేతకాదుగా."

"ఎవరూ లేరు."

"నేనొస్తా."

"నా బండి నీ మీద పడితే?"

"పడితే నిన్ను మళ్ళీ కొడతా."

ఆమోసు మూత బిగించి లేచాడు. చీకటి పడకముందు రోడ్డెక్కాలని తొందరపెట్టాడు. ట్రాలీ ఆటో క్వారీ బయట నిలబెట్టి ఉంది. పగిలిన మోకాలితో స్టీఫెన్ కుంటుకుంటూ వెళ్ళి బండి వెనకచక్రం దగ్గర వంగాడు.

"ముందు నువ్వు పట్టు," అన్నాడు. "మూడనగానే లేపాలి."

శ్రీదుర్గ హ్యాండిలు పట్టుకుంది. మూడు అనకముందే లేపేసింది.