థామసిన్ పళ్లెం మోత

మొగుడు పోయాక థామసిన్ పెద్దమ్మకి మిగిలింది ఓ గుడిసె, దాని వెనక గడ్డితో అల్లిన తేనెటీగల బుట్టలు. బెడ్‌ఫర్డ్ పట్నం దాకా ఎవరికి కొవ్వొత్తులకి మైనం కావాలన్నా, పసిపిల్లల దగ్గుకి తేనె కావాలన్నా ఆవిడ గుమ్మంలోకే రావాలి. ఎవరి ముందూ చెయ్యి చాచి ఎరగదు. "తిన్నావా పెద్దమ్మా?" అని మాటవరసకి అడిగానా, "ఏమే లెటిస్, నీ కుండలో మాడిపోయింది ఏమన్నా ఉందా?" అని తగులుకునేది. ఊళ్లో నా నోటికి అందరూ జడుస్తారు. నేను ఆవిడ నోటికి జడిసేదాన్ని.

కొత్త రాజు జర్మనీ నుంచి వచ్చి లండన్‌లో గద్దెక్కిన మరుసటేడు ఇది. ఆ చలికాలం మంచుకి బుట్టల్లో ఈగలు చచ్చిపోయి ఒకే ఒక్క బుట్ట మిగిలింది. అదీ పోతే ఇక చర్చివాళ్లు పెట్టే ధర్మం కూడే గతి. ఆ కూడు తినేవాళ్లు కుడి భుజాన ఎర్రగుడ్డతో చేసిన అక్షరం కుట్టుకు తిరగాలి. సంతకెళ్లినా, ప్రార్థనకెళ్లినా, వీళ్లు ఊరి మీద పడి తినేవాళ్లని లోకానికి తెలియాలట!

పేదల సంగతి చూసే పెద్దమనిషి జెర్వేస్ యూడల్. ఎంత మనిషో అంత పొగరు. అతని తోటలోనూ తేనెబుట్టలున్నాయి, పైగా ఆవిడ తేనెకున్న పేరు తన తేనెకి లేదని కడుపుమంట. దారిలో ఎదురైతే చాలు, "థామసిన్, గుడ్డ కత్తిరించి ఉంచాను. వచ్చి భుజం కొలతిచ్చిపో" అనేవాడు.

"నీ పంట్లాం వెనక చిరిగింది, ముందు దానికి అతికించుకో" అనేది ఈవిడ.

మేమంతా పగలబడి నవ్వేవాళ్లం. ఇంటికెళ్లి తలుపేసుకుని ఆవిడ ఏడ్చేదని గోడవతల ఉన్న నాకు మాత్రమే తెలుసు.

ఏప్రిల్లో ఓ ఆదివారం పాదరీగారు చెప్పారు: వచ్చే శుక్రవారం పొద్దున సూర్యుడికి చంద్రుడు అడ్డొస్తాడని, పట్టపగలే చీకటి పడుతుందని లండన్ పండితులు లెక్కగట్టారట, ఎవరూ బెదరొద్దట. వాళ్లకేం పనీపాటా లేదనుకుని మర్చిపోయాం.

ఆ శుక్రవారం తెల్లారేసరికి ఎలకలు బుట్ట అడుగంతా కొరికేశాయి. ఎండ తగలగానే ఈగలన్నీ ఝుమ్మని లేచి గోడ దాటాయి. థామసిన్ ఓ చేత్తో ఇత్తడి పళ్లెం, ఓ చేత్తో తలుపు తాళంచెవి పట్టుకుని, టంగుటంగున వాయిస్తూ వాటి వెంట పరుగు. ఖాళీ బుట్ట పట్టుకుని ఆవిడ వెనక నేను. మా వైపు కట్టుబాటది. మోత ఆగనంతసేపూ ఈగలు నీవి, ఎవరి పొలంలోకి దూరినా అడిగేవాడు లేడు. మోత ఆగిందా, ఎవరి నేల మీద వాలితే వాళ్లవి.

అవి పోయి పోయి యూడల్ గడ్డిభూమిలోకే పోయాయి! అతను నడుం మీద చేతులేసుకుని నవ్వుతున్నాడు.

"వాయించు, వాయించు! ఎంతసేపు వాయిస్తావో చూస్తా. చెయ్యి ఆగిందో, నావే!"

"నీ నోట్లో మన్ను పడ!" అన్నాను నేను, ఒగరుస్తూ.

అప్పుడు ఎండ రంగు మారింది. మబ్బు లేదు, ఏం లేదు. వెలుగు మాత్రం పాతబడ్డ రాగిలా అయిపోయింది. చెట్టుకింద పడే వెలుగుచుక్కలన్నీ నెలవంకలైపోయాయి, వందలకొద్దీ! చలేసింది. కాకులు గోల చేస్తూ గూళ్లకెళ్లిపోయాయి. దూరంగా దున్నుతున్న గుర్రాలు ఆగి, ఎంత అదిలించినా కదల్లేదు. పడమటి నుంచి నీడ ఒకటి పొలాల మీదుగా పరిగెత్తుకొచ్చింది. నేను కళ్లారా చూశాను, అది మమ్మల్ని తొక్కుకుంటూ పోయింది.

తలెత్తితే సూర్యుడు లేడు. ఉండాల్సిన చోట నల్లటి బిళ్ల, చుట్టూ తెల్లటి వెలుగు. పక్కన నక్షత్రాలు. దేవుడా, పొద్దున పూట నక్షత్రాలు! భయమో సంతోషమో చెప్పలేను, కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. యూడల్ మోకాళ్ల మీద పడి, ఆకాశానికి చేతులెత్తి గొణుగుతున్నాడు. అంత మౌనంలో పళ్లెం ఒక్కటే మోగింది. టంగు... టంగు...

అదీ ఆగిపోయింది. థామసిన్ నోరు తెరిచి పైకి చూస్తూ ఉండిపోయింది. ఆ క్షణాన ఈగలూ గుర్తులేవు, భుజం మీద అక్షరమూ గుర్తులేదు.

ఒక పక్క నుంచి వెలుగు చుక్క పొడిచింది. కోళ్లు కూశాయి. చూస్తే ఈగలు చీకటికి దిక్కుతోచక యూడల్ చేతికే పట్టుకుని వేలాడుతున్నాయి, భుజం నుంచి మోచేతి దాకా.

"కదిలావో చచ్చావు" అని థామసిన్ మెల్లగా వెళ్లి, వట్టి చేత్తో వాటిని బుట్టలోకి నిమిరింది. ఒక్కటీ కుట్టలేదు. తర్వాత బుట్టని అతని కాళ్ల దగ్గర పెట్టింది.

"జెర్వేస్, నా మోత ఆగిపోయింది. నేల నీది. ఇవి నీవే."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఓ పిచ్చి పెద్దమ్మా, ఎవరడిగారు నిన్ను!" అని జబ్బ గిల్లాను. ఆవిడ కదల్లేదు.

యూడల్ ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు. "ఆగిందా?" అన్నాడు. "చచ్చిపోయాననుకున్నాను థామసిన్. ఆ చీకట్లో నీ మోత పట్టుకునే ఉన్నాను. నాకైతే ఆగలేదు. తీసుకుపో."

నిజంగా వినబడిందో, అబద్ధమాడాడో నాకిప్పటికీ తెలీదు. ఆవిడా అడగలేదు. బుట్ట చంకనెత్తుకుని ఇంటిదాకా నడిచింది. ఆ ఒక్క బుట్టే పెరిగి మళ్లీ బుట్టల వరసంతా అయింది.

పెద్దమ్మ చాలా ఏళ్లు బతికింది. పోయినప్పుడు నీళ్లు పోసి బట్టలు తొడిగింది నేనే. ప్రార్థనకి వేసుకెళ్లే నీలం గౌను తొడిగాను. కుడి భుజం దగ్గర చేత్తో తడిమి చూశాను. ఒక్క సూదిపోటు కూడా లేదు.