ఖండిస్తే నమ్ముతరు

మా మేడ మీది రెండు గదులు ఆఫీసుకు కావాలని ఆయన వచ్చినప్పుడు, ఏం ఆఫీసు అని అడిగాను. "మీడియా అక్కా" అన్నాడు. అంతకుముందు అద్దెకున్నవాళ్లు ట్యాంకు పొంగి వాకిలంతా నీళ్లయినా మోటారు కట్టేసేవాళ్లు కాదు. ఈయన చెప్పులు మెట్ల కిందే విడిచి, నిలబడి మాట్లాడాడు. అది చూసి గదులు ఇచ్చేశాను. మనిషిని చెప్పులతో అంచనా వేసే తెలివి నాది.

నలభై ఏళ్లుంటాయి ఆయనకు. ఒకప్పుడు కరీంనగర్‌లోనే ఒక చిన్న చానెల్‌కు వార్తలు పంపేవాడు. అది మూతపడ్డాక పార్టీల ప్రచారం పని పట్టుకున్నాడు. ఏ పార్టీ అని అడిగితే, పిలిచిన పార్టీ అనేవాడు. పైన నలుగురు మనుషులు, వాళ్లకంటే ఎక్కువ ఫోన్లు. ఆ ఫోన్లలో వందల గ్రూపులు. ఉద్యోగ ప్రకటనలకొకటి, కులసంఘానికొకటి, వడ్ల ధరలకొకటి, భజనలకొకటి. మామూలు రోజుల్లో వాటిలో దేవుడి బొమ్మలు, వంటింటి చిట్కాలు పెట్టి జనాన్ని కాపాడుకుంటారు. ఎన్నికలు రాగానే వాటిలోకి అసలు సరుకు దిగుతుంది.

ఒకసారి పోలింగుకు ముందు రోజు ఒక అభ్యర్థి కూర్చున్నాడని, అంటే పోటీ నుంచి తప్పుకున్నాడని, పుట్టించారు. పాపం ఆయన లబోదిబోమంటూ, నేను బరిలోనే ఉన్నానని వీడియో పెట్టాడు. వీళ్లు ఆ వీడియోను తమ గ్రూపులన్నింటికీ తామే పంపారు. ఇదేం విడ్డూరమయ్యా అని నేను మెట్ల దగ్గర ఆపి అడిగితే ఆయన నవ్వాడు.

"ఖండిస్తే నమ్ముతరక్కా. ఏం లేకుంటే గింత తండ్లాట ఎందుకు అనుకుంటరు. నిప్పు లేంది పొగ రాదంటరు గదా జనం. మేం పొగ అమ్ముకునేటోళ్లం."

నాకూ నవ్వొచ్చింది. ఆ అభ్యర్థి నాకు చుట్టం కాదు మరి. ఆ వారమే మంచిర్యాలలో ఉన్న మా చెల్లెకు ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. అదీ పడీపడీ నవ్వింది.

మా చెల్లె మగడు, నా మరిది, బొగ్గు గనుల దగ్గర ఒక కాంట్రాక్టరు కింద డంపర్ నడిపేవాడు. ఆ కాంట్రాక్టు పోయింది. ఆదిలాబాద్‌లో ఎవరో చెప్పిన ఏజెంటును పట్టుకుని, గోదాంలో హెల్పర్ పనికని రష్యా పోయాడు. మా వైపు వాడకు ఇద్దరు ముగ్గురు దుబాయికో మస్కట్‌కో పోయి వచ్చినవాళ్లు ఉంటారు. ఏజెంట్లు మోసం చేస్తారనీ తెలుసు, చేసినా ఎలాగో బతికి వస్తారనీ తెలుసు. ఆ లెక్కలోనే మేము రష్యానూ వేసుకున్నాం. అది కొంచెం చలిగా ఉండే దుబాయి అనుకున్నాం.

విమానానికి ముందు రోజు అతను మా ఇంట్లో దిగాడు. బజారుకు పోయి మెరూన్ రంగు స్వెట్టర్ ఒకటి నేనే కొనిచ్చాను. మండే ఎండాకాలం. మేడ మీద దాన్ని తొడుక్కుని, "ఉడికిపోతున్న వదినే" అంటూ నవ్వుతుంటే పైఆఫీసు ఆయన తన ఫోన్లో ఫోటో తీశాడు. మంచి ఫోన్ అది. మా ఇంట్లో అందరి ఫోటోలూ ఆయనతోనే తీయించుకునేవాళ్లం.

అక్కడికి పోయాక అతని చేత చదవరాని కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. గోదాం లేదు. యూనిఫాం ఇచ్చారు, తుపాకీ ఇచ్చారు, యుద్ధంలోకి తోశారు. వీలున్నప్పుడు చెల్లెకు గొంతు రికార్డు చేసి పంపేవాడు. కొన్నాళ్లకు అవీ ఆగిపోయాయి. ఆ తర్వాత అతనితో పాటు ఉండి ఎలాగో బయటపడిన వేరే రాష్ట్రపు మనిషి ఫోన్ చేశాడు. తాము దాక్కున్న గుంత మీద పైనుంచి బాంబు పడిందని, మరిది పోవడం కళ్లారా చూశానని, మోసుకురావడానికి వీలు కాలేదని హిందీలో చెప్పి ఏడ్చాడు.

చెల్లె మంచిర్యాలలో ఒక చానెల్ కెమెరా ముందు కూర్చుంది. శవమన్న తెప్పియ్యండని చేతులు జోడించింది. అతను పంపిన గొంతు రికార్డులు వినిపించింది. ఆ వీడియోను చాలామంది చూశారు.

ఎన్నికలు లేని ఆ రోజుల్లో మా మేడ మీద కొత్త పని నడుస్తోంది. ఢిల్లీ నుంచి ఏదో కంపెనీ ఇంగ్లీషులో రాసి పంపేది, వీళ్లు తెలుగు చేసి గొంతు కలిపి గ్రూపుల్లో వదిలేవాళ్లు. రష్యా గెలుస్తోందని, అవతలివాళ్లు చూపించే శవాలు నటులవని, మనవాళ్లు ఆ యుద్ధంలో ఉన్నారన్నది పైసలు తీసుకుని అల్లిన కథ అని. నేను పై కుళాయి చూడడానికి పోయినప్పుడు అందులో ఒకటి చెవిన పడింది. ఎక్కడి రష్యా, ఎక్కడి కరీంనగర్, ఎవరు పంపుతున్నారయ్యా ఇవి అన్నాను.

"నాకూ తెల్వదక్కా. ఢిల్లీకెల్లి వస్తయి. ఢిల్లీకి యాడికెల్లి వస్తయో వాళ్లు చెప్పరు, మేం అడగం."

చెల్లె మాట్లాడిన వీడియోకు జవాబుగా వచ్చిన వీడియో నాకు మా కాలనీ భజన గ్రూపులోనే వచ్చింది. మీద 'అసలు నిజం' అని ఎర్ర అక్షరాలు. ఏడుస్తున్న మా చెల్లె ముఖం మీద అడ్డంగా గీత. ఆ తర్వాత మా మరిది. మెరూన్ స్వెట్టర్ వేసుకుని, వెనక మంచు, చెట్లు. ఇతను చనిపోలేదు, ఒక క్యాంటీన్‌లో వంట చేస్తూ హాయిగా ఉన్నాడు, కుటుంబానికి ఎవరో నేర్పించి మాట్లాడించారు అని ఒక గొంతు చెబుతోంది. అంత మంచులోనూ అతను ఎండకు కళ్లు చికిలించుకునే ఉన్నాడు. అది నా మేడ మీది ఎండ.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. ఫోన్ ఆయన ముఖం ముందు పెట్టాను. చూసి, కుర్చీలో కూలబడ్డాడు.

"నేను చూడలేదక్కా. ఢిల్లీ నుంచి మాట వచ్చింది, టీవీల చూసిన ముఖం నా ఫోటోలల్ల దొరికితే మనోళ్లు తీసి పెట్టిండ్రు. గాయన మన బావ అని వాళ్లకు తెల్వది."

వెంటనే తీసేయించాడు. గాలికి పోయిన పొట్టును మళ్లీ చేటలోకి ఎత్తగలమా. ఈలోగా చెల్లె ఫోనే వచ్చింది. ఆ గొంతు విని చాలా రోజులైంది, పెళ్లికి ముందటి గొంతు అది.

"అక్కా, చూసినవా? ఆయన బతికే ఉన్నడు. నువ్వు కొనిచ్చిన స్వెట్టరే ఏసుకున్నడు."

"అది మా మేడ మీద దిగిన ఫోటోనే పిచ్చిదానా. వెనక మార్చిండ్రు."

"అక్కడ స్వెట్టర్ ఏసుకోకపోతే ఇంకెక్కడ ఏసుకుంటడు?" అని అది నన్నే గద్దించింది.

ఇంతవరకే అయితే, పోనీ నాలుగు రోజులు ఆశతో బతకనీ అనుకునేదాన్ని. కానీ హైదరాబాదు నుంచి ఒక అధికారి నాకు ఫోన్ చేశాడు. రష్యాలో గుర్తు తెలియని శవాలు ఉన్నాయని, రక్తసంబంధీకుల రక్తం ఇస్తే పోల్చి చూస్తారని, ఇవ్వకపోతే అక్కడే పూడ్చేస్తారని చెప్పాడు. మరిదికి అమ్మానాన్నలు లేరు, తోడబుట్టినవాళ్లు లేరు. ఉన్న రక్తమల్లా ఎనిమిదేళ్ల కూతురు. ఆ పాప చెయ్యి చాపితేనే అతను మన మట్టికి వస్తాడు.

చెల్లె ఒప్పుకోలేదు. "అది సచ్చినోళ్లకిచ్చేటిది. బతికున్నోనికి ఇచ్చి నా చేతుల్తోని నేనే సంపుకుంటనా?" అంది. దర్భతో బొమ్మ చేసి కర్మ కానిద్దామని వచ్చిన కులపెద్దలను వాకిట్లోంచే పంపించింది. బొట్టు ఇదివరకటికంటే పెద్దది పెట్టుకోవడం మొదలుపెట్టింది. బతుకమ్మకు నేను మంచిర్యాల పోయాను. అందరికంటే ముందు తనే వలయంలోకి దిగి చప్పట్లు కొట్టి ఆడింది. కొందరు ఆడవాళ్లు మెల్లగా పక్కకు తప్పుకున్నారు. దాన్ని లాగి ఒక్కటి కొట్టాలనీ అనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయక వలయంలో దాని పక్కన నిలబడి నేనూ ఆడాను.

అధికారి మళ్లీ ఫోన్ చేసి, ఎక్కువ రోజులు ఆగరమ్మా అన్నాడు. ఇక లాభం లేదని మేడ మీది ఆయనను పట్టుకున్నాను. చేసినవాడివి నువ్వే, వచ్చి నీ నోటితో చెప్పు అన్నాను. కారు తీశాడు.

మంచిర్యాలలో చెల్లె ఇంట్లో చాప మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. ముందు మా మేడ మీది ఫోటో చూపించాడు. తీగ మీద నా చీర ఆరేసి ఉంది అందులో. తర్వాత ఆ తీగ తీసేయడం, చీర తీసేయడం, మంచు పెట్టడం, చెట్లు పెట్టడం ఒక్కొక్కటే చేసి చూపించాడు. చెల్లె చీరలవాడు మడతలు విప్పుతుంటే చూసినట్టు ఓపిగ్గా చూసింది. చాయ్ తెచ్చిచ్చింది. అంతా అయ్యాక నెమ్మదిగా అడిగింది.

"అన్నా, నీ మీద ఎవలన్న జోర్ జేస్తున్నరా?"

"ఎవ్వలు లేరు చెల్లె. అక్క చెప్తే వచ్చిన. నేను చేసింది తప్పు, గందుకే వచ్చిన."

"ఏం లేకుంటే గింత దూరం వచ్చి ఎందుకు ఖండిస్తున్నవ్ మరి?"

ఆయన నా వైపు చూశాడు. ఆ ముక్క దానికి నేనే నేర్పానని ఆయనకు తెలియదు. ఇద్దరం చాయ్ తాగేసి లేచాం. గుమ్మం దాకా వచ్చి, "పైలం అన్నా, నిన్ను ఎవలేమన్నా నాకు చెప్పు" అని ఆయనకే ధైర్యం చెప్పింది మా చెల్లె.

తిరుగు దారిలో గోదావరి వంతెన వచ్చింది. దాటాక ఆయనే అన్నాడు.

"మనం చెప్తే వినదక్కా. బావ చెప్తే వింటది."

"అంటే?"

"గొంతు ఉన్నది గదా, ఇంటర్వ్యూల వినిపిచ్చింది. గా జర గొంతు చాలు, కంప్యూటర్ల ఏ మాటైనా పలికిస్త. కాగితాలకు బిడ్డ రక్తం గావాలె, ఇయ్యి అని బావనే చెప్పినట్టు..."

కారు ఆపమన్నాను. నడి రోడ్డు, ఆయన ఆపలేదు. "ఆ మాట ఇంకోసారి నీ నోట వచ్చిందా, సామాన్లు రోడ్డు మీద పారేస్తా" అన్నాను. "నాకు చేతనైన పని గదొక్కటే అక్కా" అన్నాడు. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. నా కోపం ఆయన మీదో, ఆయన చెప్పింది నిజమైనందుకో నాకే తెలియలేదు.

నేను ఒక కాలేజీలో లైబ్రరీ చూస్తాను. నాలుగైదు రోజుల తర్వాత పుస్తకాలు సర్దుతుంటే చెల్లె ఫోన్. నవ్వుతోంది, ఏడుస్తోంది. "ఆయన మాట్లాడిండక్కా, గిది విను" అని ఇంకో ఫోన్ దగ్గర పెట్టింది. మా మరిది గొంతు. మాటకు ముందు అతను తీసే చిన్న దీర్ఘంతో సహా. మంచిగున్న, ఫికర్ చెయ్యకు, కాగితాల తోని జర పరేషాన్ ఉన్నది, హైదరాబాదుల బిడ్డ రక్తం ఇప్పియ్యి, వస్త అంటోంది ఆ గొంతు. చచ్చిన మనిషి గొంతు విన్నందుకు ముందు నాకు సంతోషమేసింది. ఆ తర్వాతే కారులో ఆయన అన్న మాట గుర్తొచ్చింది.

ఇంటికి పోయేసరికి మేడ మీది ఆయన సామాను తానే కట్టి పెట్టుకున్నాడు. "తిట్టక్కా, కొట్టు. శవమన్న వస్తది" అన్నాడు. నేను తిట్టలేదు. అంతటి అసహ్యం నాకు ఎప్పుడూ ఎవరి మీదా కలగలేదు. చెల్లెకు ఫోన్ చేసి ఇదీ అబద్ధమే అని చెప్పాలనుకున్నాను. చెబితే ఇంకా గట్టిగా నమ్ముతుంది. ఆ గొంతును నమ్మకపోతే పాప చెయ్యి చాపదు. మింగలేక కక్కలేక ఆ వారం గడిపాను.

హైదరాబాదుకు ముగ్గురం బస్సులో పోయాం. చెల్లె పాపకు కొత్త గౌను వేసి, రెండు జడలు వేసి పూలు పెట్టింది. తను మరిది కొన్న ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆఫీసులో అందరికీ పంచడానికి డబ్బా నిండా తీపి గరిజెలు చేసుకొచ్చింది. నాతో ఫోన్లో మాట్లాడిన అధికారి ఆ డబ్బా అందుకుని, ఏమిటిదన్నట్టు నా ముఖం చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన డబ్బా పక్కన పెట్టి కాగితాలు తీశాడు.

బాపు అడిగాడని పాప సూదికి ఏడవలేదు. దూది అదిమి పట్టుకుని, "గిది చూసి మా బాపును గుర్తువడ్తరా సార్?" అంది.

"గుర్తుపడతారమ్మా" అన్నాడాయన.

బయటికి రాగానే చెల్లె ఆకలవుతోందంది. ఇన్ని నెలల్లో దాని నోట నేను ఆ మాట వినలేదు. పక్కన హోటల్లో అన్నం మారు వడ్డించుకుని మరీ తింది. ఆయన వచ్చేనాటికి ఇంటికి సున్నం ఏపిద్దామా, రంగులే ఏపిద్దామా అని అడిగింది. రంగులే ఏపిద్దామన్నాను. మంచిర్యాలలో వాళ్ల దర్వాజా చాలా ఇరుకు, పెట్టె లోపలికి పడుతుందా అని ఆలోచిస్తున్నాను.