శనివారం తెల్లారి

మా విశ్వవిద్యాలయంలో అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు ఎందుకు పోయిందంటే పాత విద్యార్థులు కలిసినప్పుడల్లా ఒకటే కథ చెబుతారు. కంప్యూటర్ గాలి వీచిందట, అమ్మాయిలంతా బంతి పారేసి అమీర్‌పేట కోచింగులకు పరుగెత్తారట. వినడానికి బాగానే ఉంటుంది. చెప్పేవాళ్లలో ఒక్కరైనా మా కోర్టు మొహం చూశారా అంటే అదీ లేదు. నేను ఆ జట్టులో ఆడాను. మాలో కంప్యూటర్ కోర్సులో చేరింది ఒక్కతే. అదీ సాయంత్రాలు, ప్రాక్టీసు ఎగ్గొట్టకుండా.

జట్టు పోయింది ఒక మాట వల్ల. ఆ మాట అన్నది నేను.

తొంభైల చివరి రోజులు. హైటెక్ సిటీ కోసం గుట్టలు పేలుస్తుంటే మా విశ్వవిద్యాలయం కిటికీలు గడగడమనేవి. జట్టు పుట్టి మూడేళ్లయింది. కోర్టు అబ్బాయిలది, మాకు దక్కింది పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా. బంతి వాళ్లు వాడి వదిలేసినది, అరిగి నున్నబడి చేతిలో నిలిచేది కాదు. జెర్సీలూ వాళ్లవే, నడుము దగ్గర పిన్నీసులు పెట్టుకుని ఆడేవాళ్లం. మొత్తం తొమ్మిది మందిమి. హాస్టల్లో ఉండే నలుగురం కోస్తా, సీమ వాళ్లం. మిగతా ఐదుగురూ శేరిలింగంపల్లి, నార్సింగి వైపు నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు. కెప్టెన్ వాళ్లలో అమ్మాయే.

మాకు ఆట సరదా. ఆమెకు కాదు. విశ్వవిద్యాలయాల మధ్య పోటీల్లో ఒక్క మ్యాచ్ ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటే ఆటగాళ్ల కోటాలో సర్కారు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండేళ్లు మమ్మల్ని పోటీలకు పంపనే లేదు. మూడో ఏడు పంపుతామన్నారు. ఆమెకు చదువులో అదే ఆఖరి ఏడు.

మ్యాచ్ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, ఏడెనిమిది గంటల ప్రయాణమంత దూరంలో ఉన్న ఊళ్లో. ఒక రోజు ముందే వెళ్లి అలసట తీర్చుకుందామని మా మేనేజరు మేడమ్ గురువారం నిర్ణయించారు. ఆ వారం సెలవులు, సైకిళ్ల వాళ్లెవరూ రావడం లేదు. చెప్పే పని నాకు అప్పగించారు. కెప్టెన్ ఇంట్లో ఫోను లేదు, పక్కనున్న కిరాణా కొట్టుకు చేస్తే పిలుస్తారు.

"శనివారం తెల్లారి ఐదింటికి మెయిన్ గేటు దగ్గర. వ్యాన్ ఆగదు," అన్నాను.

"శనివారం తెల్లారే కద? పక్కా?"

"పక్కానే తల్లీ. ఎన్నిసార్లు చెప్పాలి?"

"సరే తియ్. అందరికి నేను చెప్త, నువ్వు ఫికర్ చెయ్యకు."

శనివారం ఐదింటికి గేటు దగ్గర హాస్టలు వాళ్లం నలుగురమే ఉన్నాం. ఏడింటి దాకా చూశాం. కిరాణా కొట్టుకు ఫోను చేస్తే ఉలుకూ పలుకూ లేదు. కొత్త భవనాలకు కేబుళ్లు వేస్తూ ఎక్కడో పాత తీగ తెంపారట, ఆ వైపు ఫోన్లన్నీ చచ్చిపోయాయి. పోయి పిలుచుకొద్దామంటే ఇల్లెక్కడో మాలో ఎవరికీ తెలియదు. మూడేళ్లు కలిసి ఆడాం, ఒక్కరమూ వాళ్ల గడప తొక్కలేదు. వెనక బస్సులో వస్తార్లే అని మేడమ్ వ్యాన్ ఎక్కించారు. ఆ ఊళ్లో దిగాక కూడా ఎస్టీడీ బూత్ దగ్గరే నిలబడ్డాను. ఆ ఫోను మోగనే లేదు.

ఆట మొదలవాలంటే కోర్టులో ఐదుగురుండాలి. పావుగంట గడువిస్తారు, ఆ లోపు ఐదో మనిషి రాకపోతే ఓడినట్టే. నలుగురం జెర్సీలు వేసుకుని నిలబడ్డాం. రెఫరీ గడియారం చూస్తున్నాడు, మేం గేటు చూస్తున్నాం. అవతలి జట్టులో ఒకమ్మాయి జాలిపడి, మా దగ్గర ఎక్కువే ఉన్నారు, ఒకర్ని తీసుకోండి అంది. ఎగతాళి కాదు, నిజంగానే అంది. రెఫరీ ఒప్పుకోలేదు. ఈల వేశాడు. బంతి ముట్టుకోకుండానే ఓడిపోయాం.

ఐదు కావస్తుండగా కెప్టెన్ దిగింది, వెనక నలుగురితో. ఆ పొద్దున ఐదింటికి గేటు దగ్గరికి వచ్చారట. వ్యాన్ నిన్ననే పోయిందని వాచ్‌మన్ చెబితే బస్టాండుకు పరుగెత్తి, దొరికిన బస్సల్లా ఎక్కి మారుతూ వచ్చారట.

నేను నోరు పారేసుకున్నాను. నిన్న రావాల్సిన మహారాణులు ఇవాళ వేంచేశారా అన్నాను.

"ఇయ్యాలనే కదనే నువ్వు చెప్పింది?" అంది. గొంతులో కోపం కూడా లేదు.

తిరిగొచ్చాక ఆటల విభాగం డైరెక్టరు గదిలో విచారణ. ఆయనా మా కోస్తా వైపు మనిషే.

"నీకేమని చెప్పారమ్మా?"

"శనివారం తెల్లారి రమ్మన్నరు సార్."

ఆయన నా వైపు తిరిగారు. నేనూ అదే చెప్పాను సార్ అన్నాను, రొమ్ము విరుచుకుని.

"మరి ఆదివారం ఎందుకొచ్చావు?"

"శనివారం తెల్లారి అంటే ఆదివారమే కద సార్."

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మాయిలకు క్రమశిక్షణ, ఆసక్తి లేవని ఫైల్లో ఒక వాక్యం రాశారు. ఆడని మ్యాచ్‌కు సర్టిఫికెట్ రాదు. మరుసటేడు జట్టే లేదు.

పదేళ్లకు కొండాపూర్‌లో కాపురముంటుండగా, మా ఇంట్లో పనిచేసే ఆవిడ పండగ తెల్లారి వస్తానంది. పండగ పొద్దున్నే అంట్లన్నీ వేసి కూర్చున్నాను. రాలేదు. మర్నాడొస్తే దులిపేశాను.

"తెల్లారి అంటే పండుగైన మరునాడే కదమ్మా. మా దిక్కు గట్లనే అంటరు," అంది.

ఫోనులో నేనన్న శనివారం తెల్లారి అప్పుడు గుర్తొచ్చింది. ఇరవై నాలుగ్గంటల తేడా ఉన్న ఒక మాటను ఇద్దరం ఫోనులో పక్కా చేసుకున్నాం. ఒకే నీళ్లు తాగుతూ మూడేళ్లు ఆడినవాళ్లం.

ఆ వారమే ఆటో మాట్లాడుకుని శేరిలింగంపల్లి వెళ్లాను. కిరాణా కొట్టు లేదు, ఆ వీధే లేదు. కెప్టెన్ పేరు చెప్పి పదిమందిని అడిగాను. కిరాయికుండేటోళ్లం, మాకెరుక లేదమ్మా అన్నారు. ఆ రోజు కెప్టెన్ వెంట వచ్చిన నలుగురిలో ఒకామె తర్వాతెప్పుడో బజార్లో కనిపించింది. నేను పలకరిస్తే తల తిప్పుకుని పోయింది. అడ్డుపడి వాదించడానికి నా దగ్గర పాయింటు లేదు.

జట్టు సంగతి ఎవరెలా చెప్పుకున్నా ఇక పోట్లాడను. నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ కాగితం లేకుండా ఆమెకు ఎక్కడైనా, ఎవరైనా ఉద్యోగమిచ్చారా?