ఆవకాయ నూనెలో తొమ్మిది పాటలు

కాల్గరీ నుంచి బర్నబీకి చలికాలంలో బస్సులో వెళ్దామనుకునేవాళ్ళకి నా మొదటి సలహా, వెళ్ళకండి. వెళ్ళక తప్పకపోతే, పచ్చడి సీసానీ హార్డ్ డిస్కునీ ఒకే సంచిలో పెట్టకండి. ఇక చెప్పబోయేదంతా ఈ రెండు సలహాలకి వివరణ.

మేం ముగ్గురం. శామ్యూల్‌ది పాలకొల్లు, చర్చిలో గిటార్ వాయిస్తూ పెరిగాడు. హరితది కరీంనగర్. ఆమె గొంతెత్తితే పైన ఉండే ఇంటి ఓనర్ కాలితో నేల తన్నేవాడు. నేను ర్యాప్ చేస్తాను, అంటే పాట రానివాణ్ణి. అందరిలాగే స్టూడెంట్ వీసాల మీద కెనడా వచ్చిపడి, కాల్గరీలో ఒకే బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ, చలికోట్లు వేలాడే అలమరలో మైకు పెట్టి ఏడాదిగా ఒక ఆల్బం చేస్తున్నాం. రాక్ ఆల్బమే. అందులో హిప్‌హాప్ ఉంది, పల్లెపాటల కంట్రీ ఉంది, సదరన్ రాక్ కూడా ఉంది. "సదరన్ అంటే ఏ సౌత్ రా?" అని మా నాన్న ఫోన్లో అడిగితే అమెరికా దక్షిణాది అన్నాను. "మరి మనదో?" అన్నాడు. ఏడాది పని ఆయన రెండు మాటల్లో తేల్చేశాడు. మా ఆల్బమంతా ఆ ప్రశ్నే.

ఎనిమిది పాటలు పూర్తయ్యాయి. తొమ్మిదోదానికి స్టీల్ గిటార్ కావాలి. ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఇనుప కడ్డీ జారుస్తూ వాయించే గిటార్ అది. కంప్యూటర్లో దొరికే నకలు పెట్టి చూశాం, తలుపు సందులో పిల్లి తోక పడ్డట్టుంది. శామ్యూల్ చర్చివాళ్ళని పట్టుకుని వెతికితే వాంకూవర్ పక్కనున్న బర్నబీలో అప్పన్న అంకుల్ దొరికాడు. ఫిజీలో పుట్టిన తెలుగువాడు, చెరకు తోటలకి ఓడెక్కిన కూలీల మనవడు. ఇక్కడ ఇళ్ళకి పైకప్పులు వేసి బతికాడు, శనివారాలు పబ్బుల్లో స్టీల్ వాయించాడు. ఆయన తెలుగు వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్నది, ఆవిడతోనే ఆగిపోయింది.

"వాయిస్తాను గానీ, సోమారం పొద్దున్న నా ఎడం చెయ్యి కోస్తారు," అన్నాడు ఫోన్లో. "కడ్డీ పట్టుకునే చెయ్యి. ఆ తరవాత చేతేళ్ళు ఆడతాయో లేదో డాట్రుకే తెల్దు. ఆదివారం సాయంత్రం అయిదింటికి కూతురొచ్చి తీసుకుపోతాది. ఈలోపు రా."

విమానం టికెట్ ధర చూశాక నాకు బస్సంటే గౌరవం పెరిగింది. మిగతా ఇద్దరికీ షిఫ్టులున్నాయి కాబట్టి ఖాళీగా ఉన్న కళాకారుణ్ణి నేనే. శామ్యూల్ ల్యాప్‌టాప్ నిండిపోతే పాటలన్నీ రెండు డిస్కుల్లోకి ఎక్కించి, ల్యాప్‌టాప్‌లోవి తుడిచేశాం; ఆ ల్యాప్‌టాప్, అలమరలో మైకు నాతో వస్తాయి. రెండో డిస్కు బ్యాకప్. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని, ఎంతో బాధ్యతగా, రెండూ నా సంచిలోనే పెట్టాం.

బయల్దేరే ముందు శామ్యూల్ వాళ్ళమ్మ పంపిన ఆవకాయ సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. "పెద్దాయన ఇంటికి వట్టి చేతుల్తో వెళ్తావేంట్రా?" నిజమే, వెళ్ళకూడదు. సీసా పగలకుండా తువ్వాలు చుట్టాను. డిస్కులు కూడా పగలకూడదు కదా, వాటిని కూడా అదే తువ్వాల్లో చుట్టాను.

శనివారం సాయంత్రం నాలుగింటికి బస్సు కదిలింది. నా పక్క సీట్లో రత్నకుమారి ఆంటీ, కాకినాడావిడ, వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు. కూతురు పురిటికి వెళ్తోంది. బాన్ఫ్ దాటేలోపే నా వీసా, నా కోర్సు, నాకు పెళ్ళి కాకపోవడం ఆవిడకి తెలిసిపోయాయి. కిటికీ బయట కొండలు చాలా గొప్పగా ఉంటాయంటారు. నాకు చీకటి కిటికీలో ఆంటీ ఇచ్చిన పులిహోర డబ్బా ప్రతిబింబం బాగా కనిపించింది.

గోల్డెన్ అనే ఊళ్ళో బస్సు ఆగింది. ఆగి, ఆగిపోయింది. ముందున్న రోజర్స్ పాస్ కనుమలో మంచుచరియలు విరిగిపడేలా ఉన్నాయట. అవి మన నెత్తిన పడకముందే ఫిరంగులు పేల్చి పడగొడతారట, అప్పటిదాకా రోడ్డు మూసేశారు. "ఎప్పుడు తెరుస్తారు?" అని డ్రైవర్‌ని అడిగితే, కొండని అడగమన్నట్టు చెయ్యి చూపించాడు. పెట్రోల్ బంకు పక్కన కాఫీ కొట్టులో అందరం చేరాం. ఉదయం ఏడింటికి వాంకూవర్ చేరాల్సిన బస్సు ఇది. నేను అయిదు లోంచి గంటలు తీసేసుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు ఆంటీ ముక్కు ఎగబీల్చింది. "బాబూ, ఎవరో ఆవకాయ తెచ్చారు. పోయిన వేసవిది. నువ్వుల నూనె."

సంచి తెరిచాను. మూత వదులైపోయింది. తువ్వాలు ఎర్రగా ఉంది. రెండు డిస్కులూ కొత్త ముక్కల్లాగా నూనెలో ఊరుతున్నాయి. కేబుల్ పెట్టే కంతలో ఒక మెంతిగింజ. బ్యాకప్‌ని కూడా వదల్లేదు. ఆవకాయకి పక్షపాతం ఉండదు.

శామ్యూల్‌కి ఫోన్ చేశాను. మెంతిగింజతో సహా అంతా విన్నాడు. తరవాత, "సీసాలో ఏమైనా మిగిలిందా?" అన్నాడు. వెనకనుంచి హరిత అరిచింది: "ఒరేయ్, ఏడాదంతా గొంతు చించుకున్నా! నువ్వింక వాపస్ రాకు, ఆడనే ఉండు!"

డిస్కుని ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడబోతుంటే ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. "తడిమీద కరెంటు పెడతావా? ముందు ఆరనీ." కాగితపు రుమాళ్ళు తెచ్చి, పసిపిల్లల్ని తుడిచినట్టు రెండిట్నీ తుడిచింది. తర్వాత కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ బిడ్డ పెట్టెల్లో ఏమున్నాయో నీకు తెలుసు…" హార్డ్ డిస్కు కోసం ప్రార్థన చెయ్యగా వినడం అదే మొదలు. ఆమెన్ అన్నాను. పాటల్లో రెండు బూతులున్నాయన్న సంగతి ఆయనకీ తెలిసే ఉంటుందని కొంచెం భయం వేసింది.

తెల్లవారుజామున రోడ్డు తెరిచారు. బస్సు కనుమలోకి దూరింది. అటూ ఇటూ తెల్లటి గోడలు, పైన ఏముందో కనపడదు. సగం బస్సు నిద్రపోతున్నట్టు నటిస్తోంది. డ్రైవర్ రేడియో కట్టేశాడు. నేను జోకు వేద్దామని నోరు తెరిచి, చప్పుడుకే చరియలు పడతాయేమోనని మూసేశాను. నా కెరీర్‌లో నేను ఆపుకున్న జోకు అదొక్కటే. అవతలికి దిగాక గడియారాలు ఒక గంట వెనక్కి తిరిగాయి. ఈ దేశం నాకు ఫీజు తీసుకోకుండా ఇచ్చింది ఆ గంటొక్కటే.

ఆ గంట కమ్‌లూప్స్ దాకా నిలిచింది. తర్వాత వానలో, ట్రాఫిక్‌లో కరిగిపోయింది. వాంకూవర్లో దిగేసరికి మూడు దాటింది. "మీ పాట అయ్యాక నాకూ పంపు," అంది ఆంటీ. "బూతులు తీసేసి." బూతుల సంగతి నేను చెప్పలేదే! స్కై ట్రైన్ అనే లోకల్ రైలు పట్టుకుని, ఎగువకెక్కే రోడ్డు మీద పరుగెత్తి, నాలుగుంపావుకి అప్పన్న అంకుల్ తలుపు కొట్టాను.

"వచ్చీసావా? తిన్నావేటి?" అన్నాడు. పెద్ద భుజాలు, ఎండకి ఎండిపోయిన ముఖం. ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. నేను జరిగినదంతా చెప్పి, మూడొంతులు ఖాళీ అయిన సీసా చేతికిచ్చాను. ఆయన మూత తీసి, వాసన చూసి, చాలాసేపు మూత పెట్టలేదు. "అవ్వ ఇలాగే పెట్టీది," అన్నాడు.

గిటార్ శబ్దం పెంచే నాబుల్లో దుమ్ము పోవడానికి కొట్టే స్ప్రే తెచ్చి డిస్కుల మీద కొట్టాడు. మొదటిది చచ్చింది. రెండోదానికి దీపం వెలిగింది కానీ తెరుచుకోలేదు. టైము నాలుగున్నర.

"పాట నీ ఫోన్లో ఉందేటి?"

రఫ్ కాపీ ఉంది. వినిపించాను. తల వంచుకుని రెండుసార్లు విన్నాడు. "బాగుంది. ఇంత గాబరా ఏటి? ఎవులు తరుముతున్నారు?"

అసైన్‌మెంట్లు, షిఫ్టులు, వీసా గడువు. మేం ఆ పాటని ఆ వేగంలోనే చేశాం, ఎందుకంటే మాకు అదే వేగం తెలుసు.

"ఫోను కట్టీ. నువ్వు చెప్పు, నేను ఎనకాల వస్తాను," అన్నాడు.

మైకు బల్లమీద నిలబెట్టాను. తాళం లేదు, డ్రమ్ముల్లేవు. మొదటిసారి ఆయన ముడుచుకున్న వేళ్ళు కడ్డీని జార్చేశాయి. రెండోసారి నేను తొందరపడ్డాను. ఆయన ఆపేసి, చేతిని వేడి నీళ్ళ గిన్నెలో ముంచి, తుడుచుకుని, "మళ్ళీ" అన్నాడు. అయిదుకి పది నిమిషాలుంది. మూడోసారి నేను ఆయన ఊపిరి చూసి మాట విడిచాను. కడ్డీ తీగమీద జారింది. నా ర్యాప్ మొదటిసారి పాటలా వినిపించింది, నాకే సిగ్గేసింది. చివరి స్వరాన్ని ఆయన వదల్లేదు. బయట కారు హారన్ మోగింది. వదల్లేదు. అది దానంతటదే ఆరిపోయాక లేచి, ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని చూసుకున్నాడు.

"చాల్దేటి?"

"చాలు అంకుల్."

తాళంచెవి నాకిచ్చి, బస్సు దొరికేదాకా ఇక్కడే పడుకోమని, పచ్చడి సీసా చంకన పెట్టుకుని కారెక్కాడు. కూతురు ఇంగ్లీషులో అరుస్తూనే ఉంది, ఆపరేషన్‌కి ముందు కారం ఏంటని.

తిరుగు బస్సు మంగళవారం. ఈసారి రోడ్డు తెరిచే ఉంది, ఎండ కూడా కాసింది, కొండలు నిజంగానే గొప్పగా ఉన్నాయి. కమ్‌లూప్స్ దగ్గర రెండో డిస్కు పెట్టి చూస్తే తెరుచుకుంది. ఎనిమిది పాటలూ ఉన్నాయి, తొమ్మిదోదాని పాత గాబరా కూడా. హరితకి చెబితే, "సరే, ఇంటికి రా," అంది. శామ్యూల్ నేను పంపిన కొత్త రికార్డింగు విని, పాతదాని డ్రమ్ములు తీసేద్దామన్నాడు. తన డ్రమ్ములే అవి.

రెవెల్‌స్టోక్‌లో అంకుల్ వాయిస్ మెసేజ్ వచ్చింది. "కోసీసారు. కట్టు ఇప్పేదాకా ఏటీ తెల్దు. కుడి చెయ్యి బాగుంది, ముద్ద కలుపుతున్నాను."

ఆల్బం ఎప్పుడొస్తుందని అడక్కండి. వచ్చినప్పుడు చివరి పాట చివర్లో, స్టీల్ ఆగిపోయాక, ఒక కుర్చీ కిర్రుమంటుంది. తప్పు అనుకుని మాకు రాయకండి. అది ఆయన లేచిన చప్పుడు. దాన్ని అలాగే ఉంచాం.